రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిశాక: అపోహలు - వాస్తవాలు

అపోహ: 5 ఏళ్లు గడిచాయి, ఇక డాక్టరుతో పని లేదు.

వాస్తవం: 5 ఏళ్లు దాటడం నిజంగా సంతోషించాల్సిన విషయం. అయితే రొమ్ము క్యాన్సర్లలో అధిక భాగం ఈస్ట్రోజెన్ హార్మోన్ అండతో పెరిగేవే. ఈ రకం 10, 15 ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. అందుకే తొలి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాతి 2 ఏళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి చూపించుకోమంటాం. రొమ్ము మిగిలి ఉన్నవారికి ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తప్పనిసరి.

అపోహ: ఏటా ఒళ్లంతా స్కాన్ చేయిస్తే జబ్బును ముందే పట్టేయవచ్చు.

వాస్తవం: నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఏ బాధా లేనివారికి ఎముకల స్కాన్లు, ఛాతీ ఎక్స్‌రేలు వరుసగా తీసినా ఆయుష్షు పెరగలేదని ఇటలీలో జరిగిన రెండు అధ్యయనాలు 1994లోనే తేల్చాయి. పెట్ స్కాన్‌కూ, క్యాన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ రక్త పరీక్షలకూ కూడా అలాంటి మేలు ఉన్నట్టు రుజువు కాలేదు. తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, మచ్చ దగ్గర కొత్త గడ్డ కనిపిస్తే మాత్రం పరీక్షలు వెంటనే చేయాలి.

ఒకావిడ రిపోర్టుల ఫైలు రెండు చేతులతో మోసుకొచ్చి, ఇంకో స్కాన్ రాయమన్నారు. మాటల్లో తెలిసింది, కీళ్ల నొప్పులు భరించలేక, ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే హార్మోన్ మాత్రలు 8 నెలల కిందటే మానేశారట. తిడతానని చెప్పలేదు. క్యాన్సర్ తిరిగి రాకుండా కాపాడేది ఆ ఫైలు కాదు, 5 నుంచి 10 ఏళ్లు రోజూ వేసుకునే ఆ చిన్న మాత్ర. నొప్పులకు వ్యాయామం ఉంది, మందు మార్చే వీలుంది. దయచేసి మానేసే ముందు మాకు చెప్పండి. ఈ మాత్రల్లో ఒకటైన టామోక్సిఫెన్ వాడుతూ, నెలసరి ఆగిపోయాక రక్తస్రావం కనిపించినా చెప్పాలి. అరోమటేజ్ ఇన్హిబిటర్లు అనే మరో రకం హార్మోన్ మాత్రలు వాడేవారు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవాలి.

అపోహ: ఇక పిల్లల్ని కనకూడదు.

వాస్తవం: గర్భం వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందనడానికి ఆధారం లేదు. ఎప్పుడు, మాత్రలు ఎంతకాలం ఆపి అన్నది మీ డాక్టరుతో కలిసి నిర్ణయించుకోవాలి.

అపోహ: ఆపరేషన్ జరిగిన వైపు చేత్తో బరువులు ఎత్తకూడదు.

వాస్తవం: కొందరు ఆ చేతిని తమది కానట్టు ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో కాపు కాస్తూ కూర్చుంటారు. చూస్తే మనసు చివుక్కుమంటుంది. కదలిక లేక భుజం బిగుసుకుపోతుంది. రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత కొందరికి వచ్చే చేతి వాపు ఉన్న 141 మంది మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. శిక్షకుల పర్యవేక్షణలో బరువు కొద్దికొద్దిగా పెంచుతూ ఎత్తినవారికి వాపు పెరగలేదు, పైగా అది ఉద్ధృతమయ్యే సందర్భాలు తగ్గాయి. ఉంగరం బిగుతైనా, చేయి బరువుగా అనిపించినా రండి. వాపు మొదట్లో ఉండగానే పని సులువు. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం తోడైతే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి.