ప్రశ్న అందని చోట పరీక్ష

మద్యం అలవాటు వ్యసనంగా ముదిరిందేమో పసిగట్టడానికి అమెరికా వైద్యులు వాడే ‘కేజ్’ ప్రశ్నావళిలో నాలుగే ప్రశ్నలు. వాటిని జాన్ ఈవింగ్ 1968లో నార్త్ కరోలినాలో తయారుచేశారు. 1993 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల ‘ఆడిట్’ వచ్చింది. రెండింటిలోనూ పైకి చెప్పని షరతు ఒకటి ఉంది: రోగి వినాలి, లేదా రాసినది చదివి అర్థం చేసుకోవాలి.

బధిరులకు ఆ రెండో దారీ అంత సులువు కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల మహాసభ బడుల్లో సైగలు వద్దని తీర్మానించాక పిల్లల చదువులో ఎంతో కాలం పెదవుల కదలిక చూడడానికీ, మాట పలకడానికీ పోయింది. అమెరికన్ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉందని భాషావేత్త విలియం స్టోకో నిరూపించినది 1960లో. ఆ భాషలో పెరిగినవారి చేతికి ఇంగ్లీషు ఫారం ఇస్తే కొలిచేది వ్యసనాన్నా, ఇంగ్లీషునా?

దుబాసీని పెడితే సరిపోదా అంటే, చిక్కు అక్కడే మొదలవుతుంది. ‘తాగుతారా’ అన్నదాన్ని సైగ చేసేటప్పుడు చేతి కదలికలోనే ఎంత, ఎంత తరచుగా అన్నది ధ్వనించవచ్చు. జవాబు అటే మొగ్గుతుంది. పైగా బధిర సమాజం చిన్నది. నిన్న పెళ్లిలో కనిపించిన దుబాసీ ఎదుట ఈరోజు తాగుడు సంగతి ఎవరు విప్పుతారు? చెవిటితనానికే చిన్నచూపు చూసే లోకంలో తాగుబోతు ముద్ర కూడా ఎందుకని సమాజమే మౌనం పాటించింది. సమస్య లెక్కల్లోకి రాలేదు కాబట్టి లేదనే అనుకున్నారు.

విచిత్రమేమిటంటే, కొలబద్ద కంటే ముందు చికిత్స వచ్చింది. అమెరికా నగరం మినియాపోలిస్‌లో 1989లో బధిరుల కోసమే వ్యసన చికిత్సా కేంద్రం మొదలైంది. మరుసటి ఏడాది అమెరికాలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆసుపత్రుల్లో దుబాసీ సాయానికి బలం ఇచ్చింది కానీ, సరైన ప్రశ్నను ఇవ్వలేదు. అది రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. మినియాపోలిస్ కేంద్రాన్ని నడిపిన డెబ్రా గుత్‌మన్, మరికొందరు పరిశోధకులు సంజ్ఞా భాషలోనే ఒక పరీక్షను రూపొందించి, దాని పనితీరును 2012లో ప్రచురించారు. ప్రశ్నలు వీడియోలో సైగలతో వస్తాయి. మధ్యలో తెలిసిన ముఖం ఉండదు.

అయితే పరీక్షలో సమస్య బయటపడినవారిని ఎక్కడికి పంపాలి? సైగలు తెలిసిన సలహాదారులున్న చికిత్సా కేంద్రాలు అమెరికాలోనే అరుదు. చికిత్స ముగించి ఊరికి వెళ్లినవారికి మద్యం మానేసినవారి సమావేశంలో మళ్లీ దుబాసీ కావాలి. ఆ ఖర్చు ఎవరిదన్న తగువు చాలాచోట్ల ఇంకా తేలలేదు.