ఈఎస్‌బీ కొన్నాం, ఎస్‌ఓఏ ఇంకా రాలేదేంటి?

పోయిన నెల ఒక మీటింగ్‌లో మళ్లీ అదే మాట. "సార్, ఈఎస్‌బీ లైవ్ అయి ఏడాదైంది. రెండొందల సర్వీసులు పెట్టాం. ఎస్‌ఓఏ అయిపోయినట్టే కదా?" ఈఎస్‌బీ (ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్) అంటే అప్లికేషన్ల మధ్య సమాచారం చేరవేసే సాఫ్ట్‌వేర్. సర్వీసు అంటే ఒక అప్లికేషన్ మిగతావాటికి చేసిపెట్టే పని. అలాంటి సర్వీసుల మీద సంస్థ సిస్టమ్‌లను అమర్చే పద్ధతే ఎస్‌ఓఏ (సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్). ఆ సర్వీసుల జాబితా తెప్పించాను. కస్టమర్ వివరాలిచ్చే సర్వీసులే అందులో నాలుగున్నాయి. నాలుగూ నాలుగు టీములవి, ఒకదాని సంగతి ఇంకొకరికి తెలీదు.

అపోహ: పాత అప్లికేషన్లకు సర్వీసులు తొడిగి, మధ్యలో బస్ పెడితే అదే ఎస్‌ఓఏ.

కాదు. అలా చేస్తే పాత గందరగోళమే కొత్త దారిలో బయటికొస్తుంది. ఐటీ ప్రమాణాలు తయారుచేసే ఓయాసిస్ సంస్థ 2006లో ఇచ్చిన ఎస్‌ఓఏ నిర్వచనం చూడండి. అందులో బస్ ఊసే లేదు. వేర్వేరు యజమానుల చేతిలో ఉన్న సామర్థ్యాలను ఒక పద్ధతిగా అమర్చి వాడుకోవడం గురించే ఉంది. యజమాని ఎవరన్నది ఏ ప్రొడక్టూ తేల్చదు. అది ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ (ఈఏ) పని, అంటే సంస్థలో ఏ పని ఎవరిదో, దానికి ఏ సిస్టమ్ వాడాలో గీసిపెట్టడం.

ఈ పాఠం నాకు ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఒంటబట్టింది. ఒక ఖాతాదారు బ్రాంచికి వెళ్లి అడ్రసు మార్పించుకున్నారు. కొత్త కార్డు మాత్రం పాత ఇంటికే వెళ్లింది. కాల్ సెంటర్ స్క్రీన్‌లో చూస్తే సరైన అడ్రసే ఉంది! మూడు రోజులు లాగ్‌లు తిరగేశాం. ఏ సర్వీసూ ఫెయిల్ కాలేదు, అన్నీ సక్సెస్ అనే చెప్పాయి. తీరా చూస్తే కార్డుల విభాగం సర్వీసు తన సొంత కాపీ టేబుల్ నుంచి చదువుతోంది. ఆ సర్వీసు రాసిన టీములో నేనూ ఉన్నాను.

అడ్రసు ఎవరిదని మూడు విభాగాల పెద్దలను అడిగితే ముగ్గురూ మాది కాదన్నారు. అయితే మీ కాపీ తీసేస్తామంటే, ముగ్గురూ మాదేనన్నారు. అది తేలడానికి ఆరు వారాలు పట్టింది. కోడ్ మార్చడానికి రెండు రోజులు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. ముందు గోడ మీద కేపబిలిటీ మ్యాప్ (సంస్థ చేసే పనులను గడులుగా గీసిన పటం) వేయిస్తాను, ఒక్కో గడికి ఒక మనిషి పేరు రాయిస్తాను. ఆ తర్వాతే ఉన్న సర్వీసులను గడుల్లో పెడతాం. ఒకే పని చేసే సర్వీసులు ఒకే గడిలో రెండు పడితే అక్కడ తగువు ఉన్నట్టు. కొత్త సర్వీసు ఏ గడిదో చెప్పలేకపోతే దాన్ని ప్రొడక్షన్‌కు పోనివ్వను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖలను కలిపే ఐటీ ప్రాజెక్టు ఈ-ప్రగతి డిజైన్‌లో పీపుల్ హబ్, ల్యాండ్ హబ్ అని విడిగా పెట్టుకున్నది కూడా ఈ ఆలోచనతోనే. మనిషి వివరాలు శాఖకో కాపీగా ఉండకూడదని.

అపోహ: ఈఏ మొత్తం పూర్తయ్యాకే ఎస్‌ఓఏ మొదలుపెట్టాలి. అలా కూర్చుంటే బొమ్మలు పూర్తయ్యేలోపు బడ్జెట్ అయిపోతుంది. ఈ ఏడాది ముట్టుకునే భాగం వరకు గీయండి చాలు.

అపోహ: మైక్రోసర్వీసులు (అప్లికేషన్‌ను చిన్నచిన్న సర్వీసులుగా విడగొట్టే పద్ధతి) వచ్చాక ఎస్‌ఓఏ చచ్చిపోయింది. ఈ చావు కబురు 2009 నుంచీ వింటున్నాను. నాలుగు కస్టమర్ మైక్రోసర్వీసులు పెట్టి చూడండి, అదే తగువు.

అపోహ: ఎస్‌ఓఏ వస్తే మెయిన్‌ఫ్రేమ్ (పాతకాలపు పెద్ద కంప్యూటర్లు) వాళ్ల ఉద్యోగాలు పోతాయి. దీన్ని మాత్రం వాట్సాప్ పుకారని విసుక్కోలేను. వాటిపై కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు క్యాంటీన్‌లో పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు, "కోబాల్ వాళ్లం, మా గతేంటి సార్?" అని. ఎవరి ఉద్యోగానికీ నేను హామీ ఇవ్వలేను. కానీ ఏ రూలు ఏ ప్రోగ్రాములో దాగుందో తెలిసింది మీకే. మీరు లేకుండా ఆ మ్యాప్‌లో సగం గడులు నిండవు. ఆ బ్యాంకులో అడ్రసు ముందు ఎక్కడ రాస్తారో, ఏ రాత్రి బ్యాచ్‌లో మిగతా చోట్లకు కాపీ అవుతుందో చివరికి చెప్పింది రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక కోబాల్ ప్రోగ్రామరే. ఏ డాక్యుమెంటూ తెరవకుండా, టీ తాగుతూ చెప్పారు. మొదటి ఐదు వారాల మీటింగులకు మేం ఆయన్ని పిలవనే లేదు.