మేస్త్రీ బేరం, నీళ్ల లెక్క

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు గృహప్రవేశమైన ఏడాదికో రెండేళ్లకో ఇంకో చిన్న పని పెట్టుకుంటారు. గేటు నుంచి వరండా దాకా కారు వచ్చేందుకు కాంక్రీటు దారి, పెరట్లో రేకుల షెడ్డుకు గచ్చు. ఇల్లంత పని కాదు కాబట్టి ఇంజనీరు ఉండడు, ప్లాను ఉండదు. తెలిసినవాళ్లు చెప్పిన మేస్త్రీ వస్తాడు, టేపు పెట్టి కొలుస్తాడు, చదరపు అడుగుకు ఇంత అంటాడు. మనం కొంచెం తగ్గించుకోమంటాం. బేరమంతా ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. దారి ఇరవై ఏళ్లు ఉంటుందో, రెండు వానాకాలాలకే పెచ్చులూడుతుందో మాత్రం ఆ అంకెను బట్టి తెలియదు. అది చాలావరకు నీళ్ల మీద ఆధారపడి ఉంటుంది. కలిపేటప్పుడు ఎన్ని పోశారు, పోశాక ఎన్నాళ్లు తడిపారు అన్నదే లెక్క. మామూలుగా మన దగ్గర మొదటిచోట ఎక్కువ పోసి రెండోచోట పిసినారితనం చూపిస్తాం.

కాంక్రీటు ఎండకు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. మర్నాడు ఇంకా తడిగా కనిపిస్తే టెన్షన్ పడతారు, తెల్లబడితే పనైపోయిందనుకుంటారు. నిజానికి సిమెంటు నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. నీళ్లలో పూర్తిగా మునిగి ఉన్నా గట్టిపడుతుంది. 1756లో ఇంగ్లండు తీరాన ఎడ్డీస్టన్ దీపస్తంభం పని చేపట్టిన జాన్ స్మీటన్‌కు అలలు కొట్టేచోట నిలిచే సున్నం కావలసి వచ్చింది. రకరకాల సున్నపురాళ్లు కాల్చి చూసి, బంకమన్ను కలిసిన రాయి నుంచి వచ్చిన సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతోందని గమనించాడు. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజు మన బస్తాలో ఉండేది సున్నపురాయినీ బంకమన్నునూ కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, కాస్త జిప్సం చేర్చి మెత్తగా పొడి చేసిన సరుకు. అందులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌గా మారతాయి. ఇసుకనూ పిక్కనూ (కంకరనూ) ఒకటిగా పట్టి ఉంచేది ఆ పదార్థమే.

ఈ చర్య పూర్తవడానికి సిమెంటు బరువులో నాలుగో వంతు నీళ్లు కూడా పట్టవు. ఆ కొత్త పదార్థం తన సన్నటి రంధ్రాల్లో ఇంకొంచెం పట్టి ఉంచుకుంటుంది. రెండూ కలిపితే 50 కిలోల బస్తాకు 20 లీటర్ల దగ్గర తేలుతుంది. అన్ని నీళ్లతోనే కలిపితే కాంక్రీటు పారకు కదలదు, అందుకే ఇంకొంచెం పోయక తప్పదు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456, ఎం20 అనే రకం కాంక్రీటు మామూలు పాళ్లకు, అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పిక్క (1:1½:3) కలిపినదానికి, బస్తాకు గరిష్ఠంగా 30 లీటర్లు అంటుంది. అంతకు మించి పోసిన ప్రతి చెంబుడూ ఎవరితోనూ కలవకుండా కాంక్రీటులో చోటు ఆక్రమించి, తర్వాత ఆవిరై, సన్న గొట్టాల్లాంటి ఖాళీలు వదిలి పోతుంది. షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ అనే పరిశోధకుడు వందల మిశ్రమాలను నలగ్గొట్టి చూసి 1918లో తేల్చినది ఇదే: సిమెంటుకు నీటి నిష్పత్తి పెరిగేకొద్దీ బలం పడిపోతుంది. బస్తాకు 25 లీటర్లు పోసినదానికీ 35 లీటర్లు పోసినదానికీ బలంలో మూడో వంతుకు పైగా తేడా వస్తుంది. సిమెంటు అదే, ఖర్చూ అదే.

మరి మేస్త్రీ ఎందుకు ఎక్కువ పోయిస్తాడు? చదరపు అడుగు లెక్కన ఒప్పుకున్నవాడికి పని ఎంత త్వరగా అయితే అంత మిగులు. దోసెల పిండిలా జారే కాంక్రీటు తట్టలోంచి దానంతటదే పరుచుకుంటుంది, నలుగురు కూలీల పని ఇద్దరితో అయిపోతుంది. అది అతని తప్పని నేననను. మన బేరమే అతన్ని అటు నెడుతోంది. "మేస్త్రీ గారూ, రేటు మీరన్నదే ఇస్తాను, నీళ్లు మాత్రం బకెట్టు లెక్కన పోయాలి" అని ముందే చెప్పి, మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర కొలత గీసిన బకెట్టు ఒకటి పెట్టించండి. పైపు తెచ్చి మిల్లరులో పెట్టారంటే లెక్క పోయినట్టే. భోజనాల టైములో ఇంకో ప్రమాదం ఉంది. కలిపి వదిలేసిన కుప్ప తిరిగి వచ్చేసరికి బిగుసుకోవడం మొదలవుతుంది, దాన్ని మళ్లీ నీళ్లు కొట్టి వదులు చేస్తారు. అలాంటి కుప్పను పారేయమనడమే మంచిది. తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

ఇసుకతో కూడా నీళ్లు వస్తాయి. గుణుపురం దగ్గర వంశధార ఇసుకైనా, రాయగడ దగ్గర నాగావళి ఇసుకైనా ట్రాక్టరు దిగేసరికి తడిగానే ఉంటుంది. ఒక్కో బస్తా సిమెంటుకు పడే ఇసుకలో మూడు నాలుగు లీటర్ల నీళ్లు దాగి ఉండటం మామూలు. వాటిని 30లోంచి తీసేయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బుతుంది. ప్రతి రేణువు చుట్టూ పట్టిన పల్చటి నీటిపొర పక్క రేణువును దూరంగా నెట్టడం వల్ల, అయిదు శాతం తేమ దగ్గర 20 నుంచి 30 శాతం దాకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. తట్టలు లెక్కపెట్టి పాళ్లు వేస్తే నిజంగా పడే ఇసుక తక్కువే, కొన్న లెక్కలోనూ తక్కువే. పూర్తిగా నీట ముంచితే మళ్లీ మొదటి మట్టానికి దిగిపోతుంది. ఒక గాజు సీసాలో ఇసుక సగం దాకా పోసి గుర్తు పెట్టి, నీళ్లు నింపి కదిపితే ఎంత దిగిందో కళ్లారా చూడొచ్చు. అదే సీసాను చిటికెడు ఉప్పు వేసి గట్టిగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచితే పైన ఒండ్రు పొర తేలుతుంది. అది ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపాల్సిందే.

పాళ్లు కుదిరాయో లేదో బస్తాల లెక్కే చెబుతుంది. 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం దారి అంటే సరిగ్గా 100 ఘనపుటడుగులు, ఒక యూనిట్. 1:1½:3 పాళ్లలో దానికి 22, 23 బస్తాల సిమెంటు, 42 ఘనపుటడుగుల ఇసుక, 84 ఘనపుటడుగుల పిక్క కావాలి. "పదిహేను బస్తాలు చాలు బాబూ" అని ఎవరైనా అంటే సిమెంటు తగ్గుతోందన్నమాట, లేదా మందం తగ్గుతోందన్నమాట.

మందంతో గీచిగీచి బేరమాడటం అన్నిటికంటే నష్టం. చక్రం పడ్డప్పుడు పలక కిందికి వంగబోతుంది, పైన నొక్కుడు, అడుగున లాగుడు. కాంక్రీటు నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, లాగుడుకు అందులో పదో వంతు కూడా ఓర్చుకోలేదు. వంపును తట్టుకునే శక్తి మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 3 అంగుళాలను 4 చేస్తే సరుకు మూడో వంతే పెరుగుతుంది, వంపుకు ఓర్చే బలం మాత్రం దాదాపు 78 శాతం పెరుగుతుంది. కారుకు 4 అంగుళాలు చాలు. ఇసుక ట్రాక్టరో ధాన్యం లారీయో లోపలికి వస్తుందనుకుంటే 6 వేయించండి.

అడుగున మట్టి సంగతి మేస్త్రీలకు మనకంటే బాగా తెలుసు, కాకపోతే ఆ పనికి విడిగా డబ్బు అడగడానికి మొహమాటపడి వదిలేస్తారు. ఈ పట్టణాల చుట్టూ కొత్త ప్లాట్లు చాలావరకు వరిపొలం పూడ్చి వేసినవే. పైన పోసిన ఎర్రమట్టి ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది. పైనున్న మెత్తటి మన్ను తీసేసి, గ్రావెల్ ఆరంగుళాల చొప్పున పరిచి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతోనో ప్లేట్ వైబ్రేటర్‌తోనో కొట్టించాలి. షెడ్డులో బస్తాలు పెట్టే ఆలోచన ఉంటే గచ్చు కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిపించండి. నేలలోంచి చెమ్మ పైకి రాదు, కాంక్రీటులోని నీళ్లను పొడి మట్టి లాగేసుకోదు. వాలు ఇంటి వైపు కాకుండా గేటు వైపు ఉండాలి, 30 అడుగులకు కనీసం 4 అంగుళాలు.

ఇక ఊచలు. గళ్లుగా కట్టిన ఊచల జాలీని నేల మీద పరిచి, "పోసేటప్పుడు పైకి లాగుతాం" అంటారు. నాలుగు కాళ్లు దాని మీద నడిచాక ఏ ఊచా పైకి రాదు, అడుగున మట్టిలో పడి తుప్పు పడుతుంది. పలకలో ఊచ పని పగుళ్లు రాకుండా ఆపడం కాదు, వచ్చిన పగులు విచ్చుకోకుండా పట్టి ఉంచడం. అందుకు అది మందంలో సగానికి కాస్త పైన ఉండాలి. కవరింగ్ బిళ్లలు పెట్టించి, పోసే ముందు మీరే వంగి చూడండి.

పగులు ఎలాగూ వస్తుంది. తేమ పోతూ కాంక్రీటు ముడుచుకుంటుంది, కింద నేల దాన్ని కదలనివ్వదు, ఎక్కడో ఒకచోట చీలుతుంది. ఎక్కడ చీలాలో మనం ముందే నిర్ణయించుకోవచ్చు. 4 అంగుళాల పలకకు 8 నుంచి 10 అడుగులకొకటి చొప్పున, మర్నాటికల్లా, అంగుళం లోతున కట్టరుతో గీత కోయిస్తే పగులు ఆ గీత కింద దాక్కుంటుంది. కట్టరు దొరక్కపోతే ఊళ్లో సీసీ రోడ్డు వేసినట్టు ఒక గడి వదిలి ఒక గడి పోయించొచ్చు. ఇంటి గోడకూ దారికీ మధ్య అరంగుళం థర్మాకోల్ పట్టీ పెట్టిస్తే ఒకటి కుంగినా రెండోదాన్ని లాగదు.

పోసిన గంటకో రెండు గంటలకో ఒక దృశ్యం చూడొచ్చు, ఆ సమయానికి అక్కడ ఉండటం అవసరం. బరువైన పిక్క కిందికి సర్దుకుని, నీళ్లు పైకి తేలి, ఉపరితలం మెరుస్తూ ఉంటుంది. ఆ తడి ఆరేదాకా కాసుకోవాలి. అంత ఓపిక లేని చేయి పొడి సిమెంటు గుప్పిళ్లతో చల్లి, నీళ్లను పీల్చేసి, తాపీతో రుద్ది అద్దంలా నునుపు తెస్తుంది. చూసినవాళ్లు "ఆహా" అంటారు. ఆ నునుపు కింద తేలిన నీళ్లతో పల్చబడ్డ బలహీనమైన పొర ఉంటుంది, పైన సిమెంటు మాత్రమే ఉన్న పెంకు ఉంటుంది. రెండూ ఒకేలా ముడుచుకోవు. నెలల్లో సాలెగూడు లాంటి సన్న పగుళ్లు, తర్వాత టైరు కింద తెల్లటి దుమ్ము, ఆ తర్వాత పెచ్చులు. పైగా దారి నునుపుగా ఉంటే వానలో బైకు జారుతుంది. తడి తగ్గాక చెక్క తాపీతో రుద్ది, చీపురు ఈడ్చి గరుకు తెప్పించమనండి.

వేసవిలో వేయిస్తుంటే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేలోపు పూర్తి చేయడం మేలు. ఎండా గాలీ కలిస్తే నీళ్లు పైకి తేలే వేగం కంటే ఆవిరయ్యే వేగం ఎక్కువై, గట్టిపడకముందే చీలికలు పడతాయి. ముహూర్తం పదకొండుకు ఉందంటే ఆ టైముకు కొబ్బరికాయ కొట్టి, పని మర్నాడు ఉదయం పెట్టుకోవచ్చు, దేవుడేమీ అనుకోడు. జూన్ రెండో సగం తర్వాతైతే టార్పాలిన్ అద్దెకు తెచ్చి సిద్ధంగా ఉంచుకోండి.

ఇప్పుడు ఎక్కువ నీళ్లు కావలసిన ఘట్టం. బస్తా మీద ఏం రాసి ఉందో చూడండి. ఒడిశాలో ఉక్కు కర్మాగారాలు ఉండటం వల్ల వాటి కొలిమిలో మిగిలే చిట్టెం (స్లాగ్) కలిపిన స్లాగ్ సిమెంటు విరివిగా దొరుకుతుంది, పీఎస్‌సీ అని ఉంటుంది. బూడిద కలిపినదైతే పీపీసీ. రెండూ మంచివే, కాకపోతే వాటిలో కలిపిన స్లాగూ బూడిదా నెమ్మదిగా పని చేస్తాయి, మొదటి వారంలో బలం తక్కువ చూపిస్తాయి, తర్వాత అందుకుంటాయి. మధ్యలో నీళ్లు అయిపోతే చర్య అక్కడే ఆగిపోతుంది. అందుకే ప్రమాణం ఇవేవీ కలపని మామూలు సిమెంటుకు, అంటే ఓపీసీకి, కనీసం 7 రోజులు తడపమంటే, వీటికి కనీసం 10, వీలైతే 14 రోజులు అంటుంది. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు చల్లితే మధ్యాహ్నానికి పొడిబారిపోతుంది, అది తడిపినట్టు కాదు. షెడ్డు గచ్చుకు చుట్టూ మట్టితో మడి కట్టి నీళ్లు నిలపండి. దారి వాలుగా ఉంటుంది కాబట్టి గోనెసంచులు గానీ వరిగడ్డి గానీ కప్పి, ఎప్పుడూ తడిగా ఉంచి, పైన ప్లాస్టిక్ షీటు వేయండి. గడ్డి రంగు కాస్త అంటుతుంది, కొన్నాళ్లకు పోతుంది. మనుషులు మర్నాడు నడవొచ్చు. కారు మాత్రం ఓపీసీ అయితే వారం, స్లాగ్ అయితే రెండు వారాలు బయటే ఉండాలి, షెడ్డు స్తంభాలకు బోల్టులు దింపడమూ అప్పుడే.

ఈ తడిపే పని ఎవరిదో బేరంలో చాలాసార్లు రాదు. మేస్త్రీ పోసిన మర్నాడు ఇంకో ఊరి పనికి వెళ్లిపోతాడు, ఇంట్లోవాళ్లు అతను ఎవరినో పంపుతాడనుకుంటారు. డబ్బులో చివరి వాయిదా కొంత ఆపి, తడపడం పూర్తయ్యాక ఇస్తానని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఒప్పుకుంటే అతని మనిషి రోజూ వచ్చి చూస్తాడు. "నావల్ల కాదండీ" అంటే ఆ పని మీరే తీసుకుని, కూలీ అంత తగ్గించమని అడగొచ్చు.