ఒకే రేకు కింద ట్రాక్టరు, వెల్డింగు, కాపురం: అపోహలు - వాస్తవాలు

పొలంలో ట్రాక్టరు షెడ్డు, పక్కన వెల్డింగు గది, ఆ చివర ఉండటానికి రెండు గదులు. ఇలాంటివి కట్టించమని అడిగేవాళ్లు పెరిగారు. షెడ్లు కట్టేవాడిగా నేను పదేపదే వినే మాటలు ఇవి.

అపోహ: పైన రేకు ఒకటే కదా, మధ్య గోడ మనిషెత్తు లేపితే చాలు.

వాస్తవం: ఖర్చు ఇంకెక్కడైనా తగ్గించండి, ఈ గోడ దగ్గర వద్దు. ఇంజిను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గోడ పైసందులోంచి పడకగదిలోకి వస్తే నిద్రలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. వెల్డింగు రవ్వలు, డీజిల్ డబ్బాలు కూడా అటువైపే. అందుకే తొమ్మిదంగుళాల ఇటుక గోడను రేకు దాకా లేపి, పైన సందు పూడ్చేస్తాను. దానికి తలుపు పెట్టను. వానలో తడుస్తామంటే బయట వరండా దించుతాను. పురుగుమందులకు విడిగా, తాళం వేసే గది ఉండాలి. మంచం కింద దాచేవాళ్లను చూశాను!

అపోహ: రేకుల షెడ్డు తేలిక, లోతు పునాది దండగ.

వాస్తవం: తేలిక కాబట్టే భయం. గాలి రేకుల కప్పును పైకి లాగుతుంది. ముందువైపు తెరిచి ఉంటే లోపల దూరిన గాలి కింది నుంచీ తోస్తుంది. కట్టడాలు తట్టుకోవాల్సిన బరువులు, గాలి ఒత్తిడి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విజయవాడ, విశాఖల్లో డిజైనుకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లు. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది స్తంభం కింది కాంక్రీటు దిమ్మ బరువే. నల్లరేగడి అయితే ఇంకో తలనొప్పి: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. షెడ్డు ఎలాగో ఓర్చుకుంటుంది, గదుల గోడలు మాత్రం పగులుతాయి. అక్కడ రేగడి తీసేసి గ్రావెల్ నింపి, ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద వేసే కాంక్రీటు దూలం) వేయాల్సిందే.

అపోహ: బోరు కరెంటుతోనే అన్నీ నడుస్తాయి.

వాస్తవం: నడుస్తాయి, పట్టుబడేదాకా. ఉచిత వ్యవసాయ కనెక్షను బోరు మోటారుకే. ఇంటికి, వెల్డింగుకు వేరే కనెక్షను తీసుకోండి.

అపోహ: కాంక్రీటు ఫ్లోరింగ్ మర్నాడే గట్టిపడింది, ట్రాక్టరు ఎక్కించొచ్చు.

వాస్తవం: పైకి గట్టిగా కనిపిస్తుందంతే. ఎండాకాలంలో ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు కనీసం 10 రోజులు, పీపీసీకి (బూడిద వంటివి కలిపిన సిమెంటుకు) 14 రోజులు తడి ఆరనివ్వకూడదు. నేనైతే నెల దాకా ట్రాక్టరు తాళం అడుగుతాను. ఇచ్చినవాళ్లు తక్కువ.