బెర్లిన్ డ్రా: తగవంతా ఆరో ఎత్తు దగ్గరే

ఇద్దరు అగ్రశ్రేణి గ్రాండ్‌మాస్టర్లు పెద్ద టోర్నమెంటులో 14 ఎత్తులకే చేతులు కలిపి బల్ల దగ్గర నుంచి లేచిపోయిన ప్రతిసారీ నింద నల్ల పావులవారు ఆడే బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరుస) మీద పడుతుంది. ఆ ఓపెనింగ్ వల్లే చదరంగం చప్పబడిపోతోందని, నిబంధనలతో దాన్ని కట్టడి చేయాలని ఇప్పుడు మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. రూయ్ లోపెజ్‌లో (తెల్లవారు మూడో ఎత్తుగా శకటును, అంటే బిషప్‌ను, బీ5 గడికి తెచ్చే ఓపెనింగ్) మూడో ఎత్తుగా నల్ల గుర్రాన్ని ఎఫ్6 గడికి తెచ్చే ఈ పద్ధతి 19వ శతాబ్దం నుంచీ ఉన్నదే. నేటి తగవు అర్థం కావాలంటే మాత్రం 2000 అక్టోబరు, నవంబరు నెలల్లో లండన్‌లో జరిగిన పోటీ దగ్గరికి వెళ్లాలి.

1985 నుంచి ప్రపంచ చాంపియన్‌గా ఉన్న గ్యారీ కాస్పరోవ్‌ను ఆ పోటీలో ఎదుర్కొన్న వ్లాదిమిర్ క్రామ్నిక్‌కు అప్పుడు 25 ఏళ్లు. తెల్ల పావులతో కాస్పరోవ్ చేసే దాడికి అతని మంత్రే ప్రాణమని గ్రహించిన క్రామ్నిక్, మంత్రులు రెండూ ఎనిమిదో ఎత్తుకే బోర్డు దిగిపోయే బెర్లిన్‌ను ఎంచుకున్నాడు. అందుకు అతను చెల్లించిన మూల్యం తక్కువది కాదు. నల్ల రాజుకు కాస్లింగ్ (ఒకే ఎత్తులో ఏనుగు చాటున భద్రంగా చేరే) హక్కు పోతుంది, సి వరుసలో బంట్లు ఒకదాని వెనుక ఒకటి ఇరుక్కుంటాయి, రాజు వైపు తెల్లవారికి ఒక బంటు ఎక్కువవుతుంది. వీటన్నిటికీ బదులుగా దక్కేది రెండు శకటులు, చొరబడటానికి వీల్లేని గోడ లాంటి అమరిక. 1, 3, 9, 13 గేముల్లో కాస్పరోవ్ ఆ గోడను కొట్టి చూసినా అది పగలలేదు. తెల్ల పావులతో రెండు గేములు గెలిచిన క్రామ్నిక్ 8.5-6.5 తేడాతో కిరీటం అందుకోగా, కాస్పరోవ్ ఒక్క గేమూ గెలవలేకపోయాడు.

ఆ నాలుగింటిలో 13వ గేము కూడా 14 ఎత్తులకే ముగిసిందని విమర్శకులు ఎత్తిచూపుతారు. నిజమే, కానీ అది పోరాడదగిన స్థితిలో ఇద్దరూ ఒప్పుకున్న డ్రా. ఈనాడు బెర్లిన్ డ్రా అని మనం పిలిచేది పూర్తిగా వేరు. లండన్‌లో కాస్పరోవ్ ఆరో ఎత్తుగా శకటుతో గుర్రాన్ని తీశాడు. ఇప్పటి డ్రాలో తెల్లవారు ఆ పని చేయకుండా బంటుతో ఈ5 బంటును తీసి శకటును వదిలేస్తారు, ఏడో ఎత్తుగా ఏ2 బంటును రెండు గడులు ముందుకు తోస్తారు. గుర్రాలు మారతాయి, తెల్ల మంత్రి డీ4కు చేరుతుంది, అక్కడి నుంచి ఈ4కు వెళ్లి షా చెబుతుంది, నల్ల మంత్రి ఈ6లో అడ్డుపడుతుంది, తెల్ల మంత్రి డీ4కు తిరిగి వస్తే నల్లది డీ6కు వెనుదిరుగుతుంది. అదే స్థితి మూడోసారి వచ్చేసరికి ఆట డ్రా. ఈ దారి తొక్కాలంటే తెల్లవారు ఇష్టపడి అడుగు వేయాలి. ఎంచుకునే అవకాశం వారి చేతిలో ఉండగా నల్ల పావుల ఆటగాడినీ, ఓపెనింగ్‌నూ దోషులను చేయడం న్యాయం కాదు.

నిర్వాహకుల వాదన ప్రేక్షకుల గురించి, అది తోసిపుచ్చదగింది కాదు. 2005లో సోఫియాలో జరిగిన ఎంటెల్ మాస్టర్స్‌లో ఆటగాళ్లు నేరుగా డ్రా ప్రతిపాదించకూడదన్న నియమం పెట్టారు. మరికొన్ని టోర్నమెంట్లు 30 ఎత్తుల లోపు ఒప్పందాన్ని నిషేధించాయి. చేతులు కలుపుకొనే డ్రాలకు అడ్డుకట్ట పడింది గాని, ఒకే స్థితి మూడుసార్లు రావడం ఆట మూల నిబంధనల్లోనే ఉన్న హక్కు కాబట్టి దాన్ని తాకలేకపోయారు. త్వరగా ఇంటికి వెళ్లాలనుకునే జంటకు సిద్ధంగా దొరికింది ఆ హక్కే. 2019 నుంచి నార్వే చెస్‌లో డ్రా అయిన ప్రతి క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే) గేము తర్వాతా అర్మగెడాన్, అంటే డ్రా అయితే నల్ల పావులవారే గెలిచినట్టు లెక్కించే చిన్న గేము, ఆడిస్తున్నారు. ఓపెనింగ్ జోలికి పోకుండా డ్రా విలువను తగ్గించే ఆ మార్గమే నాకు సబబుగా తోస్తోంది.

బెర్లిన్ అంటేనే డ్రా అనేవారు 2014 నవంబరులో సోచీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ 11వ గేమును ఒక్కసారి బోర్డు మీద పెట్టి చూడాలి. విశ్వనాథన్ ఆనంద్ బెర్లిన్ ఆడాడు, మాగ్నస్ కార్ల్‌సన్ ఆరో ఎత్తుగా శకటుతో గుర్రాన్ని తీశాడు, మంత్రులు దిగిపోయాయి. ఆ తర్వాత ఆనంద్ ఏనుగును బలిపెట్టి తెగించాడు, 45 ఎత్తులకు కార్ల్‌సన్ గెలిచాడు, టైటిల్ ఆ గేముతోనే తేలిపోయింది.