కాళ్లు ఆపితే మునకే: క్రిల్ ఈత కథ

దక్షిణ మహాసముద్రంలో తిమింగలాలకు, సీల్‌లకు, పెంగ్విన్లకు క్రిల్ ఆహారం. దాని గురించి మనం సాధారణంగా వినేది ఇంతే. రొయ్యను పోలిన ఆ జీవి ఎలా ఈదుతుందని అడిగేవారు తక్కువ. నిజానికి దాని బతుకంతా ఈతే. సుమారు 6 సెంటీమీటర్ల వరకు పెరిగే అంటార్కిటిక్ క్రిల్ శరీరం సముద్రపు నీటికన్నా సాంద్రమైనది. తేలి ఉండడానికి చాలా చేపల్లో ఉండే గాలితిత్తి దీనికి లేదు. కాళ్లు ఆడించడం మానేస్తే కిందికి జారిపోతుంది. ఉన్నచోట ఉండాలన్నా కష్టపడాల్సిందే.

ఈత కాళ్లు పొట్ట కింద ఐదు జతలు ఉంటాయి. అవి అన్నీ ఒక్కసారిగా కదలవు. తోకకు దగ్గరి జత ముందుగా నీటిని వెనక్కి నెడుతుంది. ఆ ఊపు ముగిసేలోగా దాని ముందున్న జత అందుకుంటుంది. పైరు మీదుగా గాలి సాగినట్టు ఆ కదలిక తలవైపు పాకుతుంది. నెట్టేటప్పుడు కాలు విప్పారి వెడల్పవుతుంది, తిరిగి ముందుకు వచ్చేటప్పుడు ముడుచుకుని నీటి అడ్డును తగ్గించుకుంటుంది. ఒక జత తిరిగి ముందుకు వస్తుండగా మరొకటి నెడుతూ ఉంటుంది కాబట్టి తోపు మధ్యలో తెగిపోదు. శత్రువు ఎదురైతే మాత్రం ఈ పొందికంతా పక్కన పెట్టి, తోకను ఒక్కసారిగా లోపలికి విదిలించి వెనక్కి దూకుతుంది.

ఇంత వేగంగా కదిలే కాళ్లను మన కన్ను పట్టుకోలేదు. అందుకే శాస్త్రవేత్తలు తొట్టెలో ఈదుతున్న క్రిల్‌ను అతివేగ కెమెరాలతో చిత్రీకరిస్తారు. నీటిలో సూక్ష్మమైన రేణువులు కలిపి లేజర్ కాంతి ప్రసరిస్తే, ఏ కాలు నీటిని ఎటు తోసిందో ఆ రేణువుల కదలికే చెబుతుంది. మామూలు వెలుగుకు క్రిల్ తీరు మార్చుకునే ప్రమాదం ఉంది కనుక పరారుణ లేజర్‌ను వాడినవారున్నారు. అయినా ఏ కాలు ఎంత తోపు ఇస్తోందో ప్రాణమున్న జీవిలో విడదీసి కొలవడం కష్టం. బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి వేరే దారి పట్టారు. క్రిల్ కాలును పదింతలు పెద్దదిగా అనుకరించే ‘ప్లియోబాట్’ అనే రోబోను తయారుచేసి 2023లో దాని వివరాలు ప్రచురించారు. దాని కీళ్లను కోరిన విధంగా కదిలించి చూడొచ్చు. నాకు ఇది కెమెరాలకన్నా తెలివైన పనిగా తోస్తుంది.

తొట్టెకు గోడలుంటాయి, సముద్రానికి ఉండవు. అక్కడ ఓడల నుంచి ధ్వని తరంగాలు పంపి, ప్రతిధ్వనుల ఆధారంగా గుంపులు ఎక్కడున్నాయో, ఎంత దట్టంగా ఉన్నాయో అంచనా వేస్తారు. కానీ ఆ పరికరాలకు అందని లోతులూ ఉన్నాయి. క్రిల్ పైపొరల్లోనే తిరుగుతుందని చాలాకాలం భావించారు. 2008లో ప్రచురితమైన పరిశోధనలో, ‘ఐసిస్’ అనే రిమోట్ నియంత్రిత జలాంతర్గామి కెమెరాలకు అవి దాదాపు 3,000 మీటర్ల లోతున, అడుగున మేత మేస్తూ కనిపించాయి!

ఈతను చూసి క్రిల్ దేనికి బెదురుతుందో కూడా తెలుసుకోవచ్చు. 2025లో వెలువడిన ఒక ప్రయోగంలో, క్రిల్ ఉన్న నీటి ప్రవాహంలో అడెలీ పెంగ్విన్ల రెట్టను కొద్దిగా కలిపారు. పెంగ్విన్ ఎక్కడా కనిపించకపోయినా అవి వేగం పెంచి, మాటిమాటికీ మలుపులు తిరుగుతూ వంకరటింకరగా ఈదాయి. తిండి కూడా బాగా తగ్గించాయి.