మెట్లెక్కిన కండక్టరు నుంచి కాలిబాట హక్కు దాకా

నడవమని ఇవాళ ప్రతి డాక్టరూ చెబుతున్నాడు. ఆ మాటకు తొలి గట్టి ఆధారం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో దొరికింది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1940ల చివర్లో ఆ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూడటం మొదలుపెట్టాడు. డ్రైవరు డ్యూటీ అంతా సీట్లోనే. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు 600 దాకా మెట్లెక్కేవాడు. 1953లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి: కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా. అసలు డ్రైవర్లే లావుపాటి మనుషులేమో అన్న అనుమానంతో వాళ్ల యూనిఫారాల నడుం కొలతలు కూడా తీయించాడు. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్ల కొలతలు కొంత ఎక్కువని తేలింది. ఆ సంగతీ దాచకుండా ప్రచురించాడు, పరిశోధన ఆపలేదు.

ఆ కండక్టర్లలో ఎవరూ ఆరోగ్యం కోసమని మెట్లెక్కలేదు. ఉద్యోగమే ఎక్కించింది.

మన ఊళ్లలోనూ అంతే. దంచడం, రుబ్బడం, బావిలో నీళ్లు తోడటం, పొలానికి నడిచిపోవడం... మిల్లు, గ్రైండరు, మోటారు, బండి వచ్చి ఒక్కొక్కదాన్నే తప్పించాయి. ఆ చాకిరీ పోయినందుకు నాకు విచారం లేదు. రోకటిపోట్లకు మా అమ్మమ్మ అరచేతులు ఎలా కాయలు కాశాయో చూసినవాణ్ణి. కాకపోతే పనితోపాటు ఒంటికి అందే కదలికా పోయింది. ఇప్పుడు దానికోసం విడిగా టైము కావాలి, చోటు కావాలి.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2024లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, ఆ మాత్రం కూడా ఒళ్లు కదలని పెద్దవాళ్లు మన దేశంలో 2000లో 22 శాతం. 2022కి దాదాపు 50 శాతం. మగవాళ్లలో 42, ఆడవాళ్లలో 57.

ఆ తేడాకు బద్ధకం కారణమంటే నేను ఒప్పుకోను. మగవాళ్లు వాకింగ్‌కు వెళ్లే పొద్దుటి వేళకే ఇంట్లో టిఫిన్, పిల్లల బాక్సు, నీళ్లు పట్టడం ఉంటాయి. సాయంత్రం తీరిక దొరికేసరికి వీధి చీకటి పడుతుంది. కుక్కల భయం, వెనకనుంచి వచ్చే మాటల భయం.

ఇక చోటు. నివాస ప్రాంతాల్లో కాలిబాటకు అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదని, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పది అడుగులు వేసి చూడండి: ట్రాన్స్‌ఫార్మరు, నిలిపిన బైకులు, ఊడిన పలక. మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగి రోడ్డు మీదే నడుస్తుంది. తోపుడుబండ్లవాళ్ల మీద నేరం మోపడం మాత్రం అన్యాయం. మిర్చిబజ్జీల బండి ఉన్నచోట దీపం ఉంటుంది, నలుగురు మనుషులుంటారు, ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తారు.

2012లోనే కోయంబత్తూరుకు చెందిన ఒక ఎముకల వైద్యుడు రోడ్డు ప్రమాదాల మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసులోనే 2025 మే 14న కోర్టు, కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. వికలాంగులు కూడా నడిచేలా కాలిబాటలను ఉంచాలని, ఆక్రమణలు తొలగించాలని, పాదచారుల హక్కుల రక్షణకు మార్గదర్శకాలను రెండు నెలల్లో తన ముందు పెట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది.